నిజాన్ని కథగా చెప్పే పుస్తకాన్ని ఎలా చదవాలి: విశాఖ ఉదాహరణలతో ఒక మార్గదర్శిని

1971 డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి వేళ, భారత పాకిస్తాన్ యుద్ధం మొదలైన కొన్ని గంటలకే, పాకిస్తాన్ నౌకాదళానికి చెందిన ఘాజీ అనే జలాంతర్గామి విశాఖపట్నం రేవుకు సమీపంలో మునిగిపోయింది. అందులో ఉన్న 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ బతకలేదు. ఇంతవరకు ఎవరికీ పెద్దగా పేచీ లేదు. అది ఎందుకు మునిగిందన్న దగ్గర మాత్రం కథ రెండు పాయలుగా చీలిపోతుంది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే మన యుద్ధనౌక జారవిడిచిన డెప్త్ చార్జ్‌లే (నీటి అడుగున పేలే బాంబులే) దానిని ముంచాయని భారత నౌకాదళం చెప్పింది. తాను పరుస్తున్న మందుపాతరలే పేలడం వల్లనో, లోపలే ఏదో విస్ఫోటనం జరగడం వల్లనో మునిగిందని పాకిస్తాన్ వైపు కథనం. బీచ్ రోడ్డులోని యుద్ధ స్మారకం ముందు నిలబడిన సందర్శకుడికి మొదటి కథ వినిపిస్తుంది. రెండో కథ వినాలంటే పుస్తకాలు తెరవాలి.

జరిగిన సంగతులను, నిజంగా బతికిన మనుషులను తీసుకుని, నవలాకారుడు వాడే దృశ్యం, సంభాషణ, ఉత్కంఠ వంటి పనిముట్లతో చెప్పే రచనలన్నీ ఇటువంటి నేల మీదనే నడుస్తాయి. నాన్‌ఫిక్షన్ కథనం అని మనం పిలుచుకునే ఈ రచనలో సంఘటనలను మార్చే హక్కు రచయితకు లేదు. వాటిలో వేటిని ఎంచుకోవాలి, ఏది ముందు చెప్పాలి, ఎంత దగ్గరగా నిలబడి చూడాలి, ఎక్కడ ఆపాలి అన్న విషయాలలో మాత్రం అతనికి దాదాపు పూర్తి స్వేచ్ఛ ఉంటుంది. ఈ ప్రక్రియకు బలం ఇచ్చేది ఆ స్వేచ్ఛే. పాఠకుడు మోసపోయేదీ అక్కడే. అందువల్ల ఇటువంటి పుస్తకాన్ని చదివేటప్పుడు ‘ఇది నిజమేనా’ అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోకుండా, ‘ఈ సంగతి రచయితకు ఎలా తెలిసింది, తెలిసినదానిని ఇక్కడే ఎందుకు పెట్టాడు’ అని కూడా అడగడం అలవాటు చేసుకోవాలి. అలా అడిగే పద్ధతిని చూపడమే ఈ వ్యాసం పని.

వాక్యం దగ్గర ఆగడం

పద్ధతిని చూపడానికి ఒక చిన్న పేరా కావాలి. కింది పేరాను ఈ వ్యాసం కోసమే రాశాను; హుద్‌హుద్ తుపాను నిజం, అప్పన్న కల్పితం.

‘ఆదివారం తెల్లవారకముందే పెదజాలారిపేటలో కరెంటు పోయింది. అప్పన్న తలుపు గడియకు తాడు కట్టి, రెండో కొసను మంచం కోడుకు బిగించాడు. మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగింది. గండం గడిచిందనుకుని జనమంతా బయటికి వచ్చారు. అప్పన్న మాత్రం కదలలేదు. ఇది తుపాను కన్ను అని, వెనక గాలి ఇంకా రావలసి ఉందని అతనికి తెలుసు. ‘‘బయటికెల్లకే, ఇంకా అయిపోనేదు’’ అన్నాడు భార్యతో. సముద్రం ఊపిరి బిగబట్టి ఉంది.’

చదవడానికి ఒకే గొంతుతో సాఫీగా సాగిపోయే ఈ పేరాలో ప్రతి వాక్యమూ వేరే చోటునుంచి వచ్చింది. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12 ఆదివారం అవునా కాదా అన్నది క్యాలెండరు చూసి ఎవరైనా తేల్చవచ్చు, అవును, ఆదివారమే. కరెంటు ఎప్పుడు పోయిందో విద్యుత్ సంస్థ రికార్డు చెబుతుంది, ఆ పేటలో పదిమందిని అడిగినా తెలుస్తుంది. తలుపుకు తాడు కట్టిన సంగతి అప్పన్నో, అతని భార్యో చెబితే తప్ప తెలియదు. గాలి ఆగిన సంగతికి వాతావరణ శాఖ నివేదిక ఉంది: తుపాను మధ్యాహ్న వేళ విశాఖ దగ్గర తీరం దాటింది, దాని కన్ను నగరం మీదుగా పోయినప్పుడు కొంతసేపు ప్రశాంతత, ఆ తరువాత ఎదురు దిక్కునుంచి మళ్ళీ గాలి, ఇవి తెలిసిన విషయాలే. ‘జనమంతా’ అన్న మాట దగ్గర పెన్సిలుతో గీత పెట్టాలి. ఎంతమంది, ఏ వీధిలో, ఎవరు చూశారు? ఇద్దరు ముగ్గురు చెప్పిన మాటను రచయిత ఊరంతటికీ పూసే ప్రమాదం ఇటువంటి బహువచనాలలో ఎక్కువ.

అసలు చిక్కు ‘అతనికి తెలుసు’ అన్న దగ్గర ఉంది. మనిషి మనసులోకి వెళ్ళిన ప్రతి వాక్యమూ ఇంటర్వ్యూ మీద ఆధారపడి ఉండాలి, లేదా ఆ మనిషి రాసుకున్న ఉత్తరం, డైరీ మీద. అప్పన్న నిజంగానే అలా చెప్పాడనుకుందాం. ఎప్పుడు చెప్పాడు? తుపాను వెళ్ళిన వారానికి చెప్పాడా, అయిదేళ్ళకు చెప్పాడా? ఆ అయిదేళ్ళలో ‘తుపాను కన్ను’ అన్న మాటను టీవీలో వందసార్లు విని ఉంటాడు. ఆ రోజు లోపలే ఉండిపోవడానికి కారణం కేవలం కాలు నొప్పి కావచ్చు. తరువాత నేర్చుకున్న మాట వెనక్కి నడిచి వెళ్ళి ఆ మధ్యాహ్నపు జ్ఞాపకంలో కూర్చుని ఉండవచ్చు. ఇందులో అబద్ధమాడినవారు ఎవరూ లేరు. జ్ఞాపకం పనిచేసే తీరే అది. జాగ్రత్తగల రచయిత ఆ సంగతి తెలిసినవాడై, ‘వెనక గాలి ఉంటుందని తన తండ్రి చెప్పేవాడని అప్పన్న తరువాత నాతో అన్నాడు’ అని రాస్తాడు. వాక్యం కొంత నెమ్మదిస్తుంది, ఉత్కంఠ కొంత తగ్గుతుంది. ఆ నష్టానికి ఒప్పుకున్నవాడిని నేను ఎక్కువ నమ్ముతాను.

కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాటలకూ ఇదే పరీక్ష. రికార్డు చేసిన మాటో, కోర్టు వాఙ్మూలమో, అప్పుడే నోట్‌బుక్‌లో రాసుకున్నదో అయితే ఆ గుర్తులు న్యాయం. ఎన్నో ఏళ్ళ కిందటి మాటను గుర్తుచేసుకుని చెప్పినప్పుడు కొందరు రచయితలు గుర్తులు తీసేసి, ‘బయటికి వెళ్ళవద్దని భార్యను వారించాడు’ అని పరోక్షంగా రాస్తారు. ఒక పుస్తకంలో కొన్ని చోట్ల గుర్తులు ఉండి, కొన్ని చోట్ల లేకుండా ఉంటే, ఆ తేడా యాదృచ్ఛికమో, నియమమో పరిశీలించడం మంచి అభ్యాసం. ఇక చివరి వాక్యంలో ఊపిరి బిగబట్టింది సముద్రం కాదు, రచయిత. దానికి ఆధారం అడగనవసరం లేదు. పేరా ముగింపులో పాఠకుడి గుండె చప్పుడు పెంచడానికి అది వచ్చిందని గుర్తిస్తే చాలు.

కథ ఎక్కడ మొదలైంది

మొదటి అధ్యాయం ఏ తేదీతో మొదలైందో చూస్తే పుస్తకం ఎవరి పక్షాన నిలబడబోతోందో సగం తెలిసిపోతుంది. విశాఖ ఉక్కు కర్మాగారం చరిత్రనే తీసుకోండి. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం హోరెత్తిన 1966తో, ఆ నవంబరు 1న నగరంలో జరిగిన పోలీసు కాల్పులతో మొదలుపెడితే అది త్యాగం కథ అవుతుంది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన దృశ్యంతో మొదలుపెట్టి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన రోజుతో ముగిస్తే, ఇరవై ఏళ్ళ జాప్యాన్ని దాటి వచ్చిన నిర్మాణ విజయం కథ అవుతుంది. భూమి ఇచ్చి, నిర్వాసితులకు ఇచ్చే ఆర్ కార్డు చేతబట్టుకుని, ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి తిరిగిన ఒక నిర్వాసిత కుటుంబం వాకిట్లో మొదలుపెడితే, పై రెండు కథలనూ ప్రశ్నించే మూడో కథ పుడుతుంది. 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు ఆమోదం తెలిపిన వార్త నుంచి వెనక్కి నడిస్తే, పాత నినాదానికి మరో అర్థం వస్తుంది. నాలుగింటిలోనూ ఒక్క తేదీ కూడా తప్పు కాకపోవచ్చు.

కాబట్టి పుస్తకం చదువుతున్నప్పుడు ఒక కాగితం మీద రెండు వరుసలు గీసుకోండి. ఒకదానిలో సంఘటనలు జరిగిన క్రమం, రెండోదానిలో రచయిత వాటిని చెప్పిన క్రమం. రెండూ ఎక్కడ విడిపోయాయో అక్కడ రచయిత చెయ్యి కనబడుతుంది. ఒక సంగతిని ఇరవయ్యో పేజీలోనే చెప్పగలిగి ఉండి, రెండు వందల పేజీల వరకు దాచాడంటే దానికి కారణం ఉండాలి: ఉత్కంఠ కోసం దాచాడా, అప్పటికి ఆ పాత్రకు కూడా తెలియదు కాబట్టి దాచాడా, లేక ముందే చెబితే మనకు ఆ మనిషి మీద సానుభూతి పోతుందని దాచాడా? మూడో కారణం కనబడితే నాకు కొంచెం అనుమానం మొదలవుతుంది.

ఇలా క్రమం మార్చే అవకాశమే లేని రచన ఎలా ఉంటుందో చూడాలంటే ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర తెరవవచ్చు. 1830లో మద్రాసు నుంచి బయలుదేరి, 1831లో తిరిగి చేరే వరకు, దారిలో చూసింది చూసినట్టు రాస్తూ పోయిన ఆ గ్రంథంలో రచయితకు రేపేమి జరుగుతుందో తెలియదు. ఆ తెలియకపోవడం ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. అంతా జరిగిపోయాక కూర్చుని రాసే కథకుడికి ఈ అమాయకత్వం ఉండదు. ముగింపు తెలిసినవాడు మొదటి పేజీ నుంచే దానికి తగ్గ వివరాలను ఏరుకుంటూ వస్తాడు.

పక్కపక్కన పెట్టడం కూడా క్రమంలో భాగమే. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో మంటలు చెలరేగి పదుల సంఖ్యలో మరబోట్లు కాలిపోయాయి. అదే రోజు క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్‌లో భారత్ ఓడిపోయింది. ఈ రెండు నిజాలనూ ఒకే పేరాలో పెడితే, వాటి మధ్య ఏదో సంబంధం ఉందన్న భావన పాఠకుడిలో తనంతట తానే పుడుతుంది. రచయిత ఆ మాట ఎక్కడా అనడు, అనకుండానే అనిపిస్తాడు. దేశమంతా ఏ మూడ్‌లో ఉందో చెప్పడానికి ఆ వివరం పనికొస్తుంది. మంటకు కారణాన్ని సూచించడానికి మాత్రం పనికిరాదు. ఒక వివరం వాతావరణం కోసం వచ్చిందా, వాదన కోసం వచ్చిందా అని వేరు చేసి చూడగలిగితే ఈ ప్రక్రియలో సగం లోతు అందినట్టే.

ఎవరి కళ్ళతో

అమెరికన్ పాత్రికేయుడు జాన్ హెర్సీ అణుబాంబు దాడి మీద రాసిన ‘హిరోషిమా’ 1946 ఆగస్టు 31 నాటి న్యూయార్కర్ పత్రిక సంచిక మొత్తాన్నీ ఆక్రమించింది. లక్ష మంది చావును అంకెలతో చెప్పడానికి బదులు, అతను ఆరుగురిని ఎంచుకున్నాడు: ఒక గుమాస్తా యువతి, ఇద్దరు వైద్యులు, ఒక దర్జీ భార్యగా ఉండి వితంతువైన తల్లి, ఒక జర్మన్ క్రైస్తవ గురువు, ఒక జపాన్ పాస్టరు. బాంబు వెలుగు కనిపించిన క్షణాన ఈ ఆరుగురూ ఏమి చేస్తున్నారో చెబుతూ మొదలుపెట్టాడు. తీర్పులు చెప్పడు, గొంతు పెంచడు. ఆ నిగ్రహానికి చాలామంది చేతులెత్తి మొక్కారు, నాకూ ఆ మొక్కులో వాటా ఉంది. అయినా పాఠకుడిగా అడగవలసిన ప్రశ్న ఒకటి మిగులుతుంది. ఆ ఆరుగురూ బతికినవాళ్ళు. చనిపోయినవాళ్ళను ఇంటర్వ్యూ చేయలేం కాబట్టి, విపత్తుల మీద రాసిన ప్రతి పుస్తకమూ బతికి బయటపడ్డవారి వైపు ఒరిగే ఉంటుంది. వారిలోనూ మాట్లాడటానికి ఇష్టపడినవారు, మాటకారులు, దుబాసీ దొరికినవారు ముందుకు వస్తారు.

మన చేపలరేవు ప్రమాదం మీద ఎవరైనా పుస్తకం రాస్తే, బోటు యజమాని కళ్ళతో చూసిన మంట వేరు, ఆ బోటు మీద రోజుకూలికి వేటకు వెళ్ళే కళాసీ కళ్ళతో చూసిన మంట వేరు. యజమానికి నష్టపరిహారం కాగితం ఉంటుంది, దాని మీద అంకె ఉంటుంది. కళాసీ నష్టానికి కాగితం ఉండదు. కాగితం ఉన్నవాడి కథ రాయడం సులువు. పుస్తకంలో పేరుతో కనిపించేవారి జాబితా వేసుకుని, అక్కడ ఉండి ఉండవలసిన వారెవరు లేరో ఆలోచించడం ఈ పక్షపాతాన్ని పట్టుకునే మార్గం.

యాస విషయంలో కూడా ఇదే. ఉత్తరాంధ్ర మత్స్యకారుడి మాటలను ‘ఏటి సెయ్యమంటారు బాబూ’ అని ఉన్నదున్నట్టు రాసి, అదే పేజీలో అధికారి మాటలను పత్రికా భాషలోకి దిద్ది రాసిన రచయిత తెలిసో తెలియకో ఒకరిని వింతగానూ, మరొకరిని మామూలుగానూ చూపించాడు. ఆ అధికారిదీ ఈ జిల్లాయే అయితే, ఇంట్లో అతనూ ‘ఏటి’ అనే అంటాడు. ఇద్దరి మాటనూ ఒకే కొలతతో రాశాడా లేదా అన్నది చూడండి.

ఆధారాలు తగవులాడుకున్నప్పుడు

ఘాజీ దగ్గరకు వద్దాం. రెండు దేశాల కథనాలు పొసగనప్పుడు రచయిత ముందు కొన్ని దారులు ఉన్నాయి. ఒకదానిని ఎంచుకుని, రెండోది లేనట్టే నడవవచ్చు. కథ వేగంగా సాగుతుంది, దేశభక్తి ఉప్పొంగుతుంది. రెండింటినీ చెప్పి, తనకు ఏది బలంగా తోచిందో, ఎందుకు తోచిందో వివరించవచ్చు. లేదా ఆ రాత్రి రాజ్‌పుత్ మీద ఉన్నవారికి ఏమి వినిపించిందో, ఆ తరువాత సముద్రం మీద తేలిన శకలాలు ఎవరికి దొరికాయో, అంతవరకే దృశ్యంగా చెప్పి, కారణాన్ని విడిగా మరో అధ్యాయంలో చర్చించవచ్చు. మూడో దారి కష్టమైనది. నా మట్టుకు అదే సరైనది కూడా. మునిగిన గదిలో చివరి క్షణాలను ‘దృశ్యం’గా రాసిన పుస్తకం ఎంత గొప్పగా ఉన్నా, ఆ గదిలోనుంచి సాక్షి ఎవరూ బయటికి రాలేదన్న సంగతిని మరవకూడదు.

సాక్ష్యం బలాన్ని క్రియాపదాల దగ్గర వెతకాలి. మౌఖికంగా చెప్పేటప్పుడు మన పెద్దలు ‘మునిగిందట’ అని, విన్న మాటను విన్నట్టే ఉంచుతారు. అచ్చులోకి వచ్చేసరికి ఆ ‘ట’ రాలిపోయి ‘మునిగింది’ మిగులుతుంది. ‘నివేదిక ప్రకారం’, ‘ఆయన గుర్తున్నంతలో’, ‘బహుశా’ వంటి మాటలు ఎక్కడ ఉన్నాయో, మరీ ముఖ్యంగా ఏ అధ్యాయం నుంచి మాయమయ్యాయో గమనించాలి. అమెరికన్ రచయిత ట్రూమన్ కపోటీ ఒక నిజమైన హత్యోదంతం మీద రాసి 1966లో పుస్తకంగా తెచ్చిన ‘ఇన్ కోల్డ్ బ్లడ్’లో ప్రతి మాటా నిజమేనని చాటుకున్నాడు. ఆ పుస్తకం చివర శ్మశానంలో జరిగే ప్రశాంతమైన కలయిక దృశ్యం అసలు జరగలేదని తరువాత తేలింది. కల్పన దొరికిన చోటు ముగింపు కావడం గమనించదగిన విషయం. జీవితం సాధారణంగా ముడి వేయకుండానే వదిలేస్తుంది. కాబట్టి ముగింపు మరీ అందంగా కుదిరిన చోట రెండోసారి చదవండి.

పుస్తకం పట్టుకుని నడవడం

మన ఊరి మీద రాసిన పుస్తకమైతే పరీక్షించడం మనకు సులువు. విశాఖ తూర్పు తీరంలో ఉంది కాబట్టి సూర్యుడు సముద్రంలోనుంచి లేచి కొండల వెనక దిగుతాడు. ఆర్.కె. బీచ్‌లో నిలబడిన కథానాయకుడు సముద్రంలో అస్తమిస్తున్న సూర్యుణ్ణి చూస్తూ కన్నీరు పెట్టుకున్నాడని ఎవరైనా రాస్తే, ఆ కన్నీటిని కూడా అనుమానించవలసిందే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినది 1942 ఏప్రిల్ 6న, అది సోమవారం. ఆ రోజు సెలవుదినపు బద్ధకంలో ఆదివారం బజారు ఎలా ఉందో వర్ణించిన పేరా కనిపిస్తే, మిగిలిన పేరాలను కూడా ఒకసారి తడిమి చూడాలి. ఆ దాడిలో పేలకుండా మిగిలిన బాంబును బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంచారు. దాని పరిమాణం ఎంతో వెళ్ళి చూసి వర్ణనతో పోల్చుకోవచ్చు. అదే రోడ్డులో మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామిలోకి ఒకసారి వంగి దూరితే, జలాంతర్గామి జీవితాన్ని వర్ణించే ఏ పుస్తకంలోనైనా రచయిత లోపలికి వెళ్ళి రాశాడా, బయట నిలబడి రాశాడా అన్నది చాలా వరకు తెలుస్తుంది. ఒక చిన్న తప్పు దొరికినంత మాత్రాన పుస్తకాన్ని పారేయనవసరం లేదు. తప్పు తేదీలో ఉందా, దృశ్యంలో ఉందా అన్నది ముఖ్యం. తేదీ పొరపాటు అచ్చుతప్పు కావచ్చు, దృశ్యంలోని పొరపాటు చూడనిదాన్ని చూసినట్టు రాయడం కావచ్చు.

పుస్తకం చివర రచయిత మాట ఉంటే దానిని ముందే చదవాలని నా సలహా. పేర్లు మార్చాడా, ఇద్దరు ముగ్గురు మనుషులను కలిపి ఒక పాత్రగా చేశాడా, ఎంతమందితో మాట్లాడాడు, ఎవరు మాట్లాడలేదు అన్నవి అక్కడే ఉంటాయి. ఇద్దరిని కలిపి ఒకరిగా చేసి, ఆ సంగతి ఎక్కడా చెప్పకపోతే, ఆ పుస్తకాన్ని నవలల అరలో పెట్టడమే న్యాయం.

రాయాలనుకునేవారికి

చదవడం నుంచి రాయడానికి దూరం తక్కువే. మొదటి ప్రయత్నానికి పెద్ద చరిత్ర వద్దు. మీ వీధిలో హుద్‌హుద్ రోజున జరిగిన ఒక గంట చాలు. సాక్షిని ‘అప్పుడు మీకు ఎలా అనిపించింది’ అని అడిగితే, ‘భయమేసింది’ అన్న జవాబు వస్తుంది. దానితో దృశ్యం రాయలేం. ‘గాలి ఆగినప్పుడు మీ చేతిలో ఏముంది, ఏ గదిలో ఉన్నారు, మొదట ఎవరిని పిలిచారు’ అని అడగండి. ఒకే గంటను కనీసం ఇద్దరు వేరువేరు మనుషుల దగ్గర, ఒకరి మాట మరొకరికి చెప్పకుండా, రాబట్టండి. రెండు కథనాలూ పొసగని చోట కంగారు పడనవసరం లేదు. రాయదగిన విషయం తరచుగా అక్కడే ఉంటుంది. నోట్‌బుక్ పేజీకి ఎడమవైపు విన్నదీ చూసినదీ, కుడివైపు మీ ఊహా వ్యాఖ్యానమూ రాసుకుంటే, ఆరు నెలల తరువాత ఏది ఏదో కలిసిపోకుండా ఉంటుంది.

చిత్తుప్రతి పూర్తయ్యాక, ఇందులో ఉన్న మనుషులకు వారికి సంబంధించిన వాస్తవాలను చదివి వినిపించడం మంచిది. తేదీ తప్పైతే, మంచం కోడు కాదు కిటికీ ఊచ అయితే, వెంటనే దిద్దాలి. ‘నన్ను మరీ పిరికివాడిలా రాశావు’ అని ఎవరైనా అంటే మాత్రం, ఆ అభిప్రాయం ఏ చర్యనుంచి వచ్చిందో తిరిగి చూసుకుని, ఆధారం నిలబడితే ఉంచాలి, నిలబడకపోతే తీసేయాలి. వారి అభ్యంతరాన్ని కూడా వారి మాటల్లోనే అదే పేజీలో చేర్చడానికి ఏ రచయితకూ అడ్డు లేదు.